నెట్టు ఆగితే తప్పు ఎవరిది? తీగదా... పెట్టెదా... ఇంటిదా?

కావలి మండలం తుమ్మలపెంట మొదలు ముత్తుకూరు మండలం కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో చాలా ఊళ్లలో కరెంటు స్తంభాల మీద ఇప్పుడు ఒక సన్నని నల్లతీగ కనబడుతుంది. అది కరెంటు తీగ కాదు, టెలిఫోను తీగా కాదు. దాని లోపల ఉన్నది వెంట్రుక లావు గాజు పోగు. ఆ పోగు వీధిలో నుంచి వచ్చి, గోడకు పెట్టిన చిల్లులో దూరి, ఇంట్లో అరచెయ్యంత పెట్టె దగ్గర ఆగుతుంది.

ఆ పెట్టెను ఒకరు మోడెం అంటారు, ఇంకొకరు రూటరు అంటారు, పిల్లలు వైఫై అంటారు. పేరు ఏదైనా పని జరుగుతున్నంత కాలం ఎవరికీ పట్టదు. ఆగినప్పుడే చిక్కు. "అన్నా, నెట్టు రాలా" అని కేబుల్ ఆపరేటరుకు ఫోను పోతుంది. ఆయన రేపు వస్తానంటాడు. ఈలోపు వంద కౌంటు రొయ్య ధర ఎంత పలుకుతోందో తెలియక చెరువు రైతు, దరఖాస్తుకు గడువు దాటిపోతోందని విద్యార్థి, తెల్లవారుజామున పడవ దించవచ్చో లేదో తేల్చుకోలేక మత్స్యకారుడు ఇబ్బంది పడతారు. కొందరు ఆత్రపడి బజారులో కొత్త పెట్టె కొంటారు. తీరా చూస్తే లోపం పెట్టెలో ఉండదు. వీధి చివర తీగ తెగి ఉంటుంది.

ఈ నష్టం తప్పాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. ఆ పెట్టెలో జరిగే మూడు పనులు ఏవో, అందులో ఏది ఆగిందో గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

ఒక పెట్టె - మూడు కొలువులు

మొదటి కొలువు దుబాసీది. పూర్వం కోరమాండల్ తీరంలో ఓడల మీద వచ్చిన దొరలకూ, ఒడ్డున ఉన్న వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవారు. అటు భాష ఇటు, ఇటు భాష అటు చెప్పడం వారి పని. మోడెం చేసేది అదే. గాజు పోగులో వచ్చేది వెలుగు. ఫోనుకూ, కంప్యూటరుకూ అర్థమయ్యేది విద్యుత్ సంకేతం. వెలుగును సంకేతంగానూ, సంకేతాన్ని వెలుగుగానూ మార్చేది మోడెం. గాజు తీగకు పెట్టే ఈ రకం పెట్టెను ఆపరేటర్లు ఓఎన్‌టీ అంటారు.

రెండో కొలువు లస్కరుది. పెన్న నీళ్లు సంగం దగ్గర కాలువకు మళ్లి, అక్కడి నుంచి పిల్లకాలువలకు పారి, తూముల గుండా పొలాలకు చేరతాయి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, నీళ్లు ఎవరి పొలానికి పోవాలో లస్కరు చూస్తాడు. ఇంటికి వచ్చిన ఒకే ఒక్క నెట్టును అమ్మ ఫోనుకు ఏది, అబ్బాయి కంప్యూటరుకు ఏది, టీవీకి ఏది అని విడదీసి పంపేది రూటరు.

మూడో కొలువు రేడియో స్టేషనుది. తీగ లేకుండా గాలిలో పంచడమే వైఫై. పెట్టె మీద కొమ్ముల్లా లేచి ఉండేవి దాని యాంటెన్నాలు.

ఈ మూడూ ఒకప్పుడు వేర్వేరు పెట్టెలు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఒకే పెట్టెలో ఇమిడి వస్తున్నాయి. పేర్ల విషయంలో గందరగోళం అందుకే.

ఈలపాట నుంచి వెలుగుదాకా

మోడెం కొత్త వస్తువేమీ కాదు. అమెరికాలో 1962లోనే బెల్ కంపెనీవారు టెలిఫోను తీగ మీద సెకనుకు 300 బిట్లు పంపే మోడెం తెచ్చారు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. మొదట అందిన నగరాలలో మద్రాసు ఒకటి. అప్పటి మోడెం టెలిఫోను తీగలో ఈలలు వేస్తూ మాట్లాడేది. నెట్టు వాడుతున్నంతసేపూ ఇంటి ఫోను మోగేది కాదు. ఆ రకం మోడెం ఎంత మెరుగుపడినా సెకనుకు 56 కిలోబిట్ల దగ్గరే ఆగింది.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోనూ నెట్టూ ఒకే రాగి తీగ మీద ఏకకాలంలో నడిచాయి. అయితే రాగి తీగకు ఒక లోపం ఉంది. ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే ప్రయోజనం అంతంతమాత్రమే. తీరంలో విసిరేసినట్టుండే పల్లెపాలేలకు అది అందలేదు.

గాజు పోగుకు ఆ బాధ లేదు. ఆపరేటరు కార్యాలయం నుంచి 20 కిలోమీటర్ల దాకా వెలుగు సునాయాసంగా వస్తుంది. ప్రతి గ్రామ పంచాయతీకీ ఈ తీగ వేయాలని కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో నిర్ణయించింది. దానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది. భూమి తవ్వే ఖర్చు మిగిలింది. కోనసీమలోని మోరి గ్రామం 2016 చివరలో ఇందుకు నమూనాగా నిలిచింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఈ పథకాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి అప్పట్లో నెలకు 149 రూపాయలతో మొదలుపెట్టారు. వేగం సెకనుకు 15 మెగాబిట్లు. పాత ఈలపాట మోడెంతో పోలిస్తే ఇది 260 రెట్లకు పైమాట.

ఇక్కడ రైతులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆపరేటరు దగ్గర బయలుదేరిన ఒక పోగును దారిలో 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. అందరి వెలుగూ అందరి ఇళ్లకూ వస్తుంది. ఎవరి పెట్టె వారి సమాచారాన్ని మాత్రమే విప్పుకుంటుంది. అందుకని ప్రతి పెట్టె నంబరూ ఆపరేటరు లెక్కలో ఎక్కి ఉండాలి. బజారులో కొన్న ఓఎన్‌టీని నేరుగా తగిలిస్తే పని చేయకపోవడానికి కారణం ఇదే. కొనే ముందే ఆపరేటరును అడగడం మంచిది.

ఇంటికి ఒకటే చిరునామా

ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లు చూస్తుంటే ఎవరికి రావలసినది వారికే ఎలా వస్తున్నది? ఈ సందేహం చాలామందికి ఉంది.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉండాలి. మొదట ఏర్పరచిన పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ప్రపంచ జనాభాకే అవి చాలవు. ఇక ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు యంత్రాలుంటే ఎక్కడ సరిపోతాయి? అందుకే ఉమ్మడి కుటుంబం పద్ధతి పెట్టారు. బయటి ప్రపంచానికి ఇంటికంతా ఒకే చిరునామా. ఇంటి లోపల రూటరు ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్క లోపలి నంబరు ఇస్తుంది. అవి 192.168తో మొదలవడం ఎక్కువ ఇళ్లలో చూడవచ్చు.

అబ్బాయి పాఠం అడిగాడు, అమ్మ భజన పాట అడిగింది అనుకుందాం. రూటరు రెండు కోరికలనూ తన చిట్టాలో రాసుకుని, ఇంటి చిరునామాతోనే బయటికి పంపుతుంది. జవాబులు తిరిగి వచ్చినప్పుడు చిట్టా చూసి ఎవరిది వారికి అందజేస్తుంది. ఇంటి పెద్ద పేర వచ్చిన ఉత్తరాల కట్ట విప్పి, ఎవరి ఉత్తరం వారికి పంచినట్టే ఇది.

పెద్ద ఇళ్లలో వైఫై అందక రెండో రూటరు తగిలించేవారు ఉన్నారు. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకే కాలువ మీద ఇద్దరు లస్కర్లు పెత్తనం చేస్తే నీళ్లు ఏ పొలానికీ సరిగా పారవు. రెండో పెట్టెలో రూటరు పని ఆపించి, వైఫై పని మాత్రమే ఉంచాలి. దానిని యాక్సెస్ పాయింటు అంటారు. పెట్టె అమర్చేవారిని ఆ మాట అడిగి చేయించుకోవాలి.

బీరువా మీద పెట్టకండి

వైఫై అంటే రేడియో తరంగం కనుక దానికి అడ్డంకులు ఉంటాయి. తాటాకు కప్పును అది సులువుగా దాటుతుంది. ఇటుక గోడ దాటేటప్పుడు కొంత నీరసిస్తుంది. ఇనుప ఊచలు వేసిన కాంక్రీటు గోడ, స్లాబు చాలా తగ్గిస్తాయి. ఇనుప రేకు, బీరువా, పెద్ద అద్దం తరంగాన్ని వెనక్కి కొడతాయి. నిండు నీళ్ల తొట్టి పీల్చేస్తుంది.

పిల్లలకు అందకూడదని పెట్టెను బీరువా మీద పెట్టడం, అందం కోసం టీవీ వెనక దాచడం రెండూ పొరపాటే. ఇంటి నడిమధ్యన, మనిషి తల ఎత్తున, గోడకు తగిలించి, గాలి ఆడే చోట ఉంచాలి. పెట్టె మీద గుడ్డ కప్పకూడదు. వేడెక్కితే పని మందగిస్తుంది.

కొత్త పెట్టెలు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం ఎక్కువ దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం వేగంగా ఉంటుంది, గోడ దాటితే తగ్గుతుంది. ఫోనులో వైఫై పేరు చివర 5జీ అని కనబడితే అది ఈ రెండో తరంగమే. దానికీ మొబైలు కంపెనీల 5జీకీ సంబంధం లేదు. పక్కగదిలో పడుకుని చూసేవారు మొదటిది, పెట్టె ఉన్న గదిలోనే కూర్చునేవారు రెండోది పెట్టుకోవచ్చు.

చెరువు గట్టు మీది షెడ్డుకు నెట్టు కావాలంటే ఇంట్లో వైఫై అంత దూరం రాదు. లాన్ తీగ అయితే 100 మీటర్ల వరకే పనికివస్తుంది. అంతకు మించితే గాజు తీగ లాగించుకోవడమో, ఎదురెదురుగా రెండు వైఫై యాంటెన్నాలు బిగించుకోవడమో చేయాలి.

దీపాలు చెప్పే మాట

పెట్టె మీద వెలిగే చిన్న దీపాలే రోగం ఎక్కడుందో చెబుతాయి. పెట్టెను బట్టి కొద్దిపాటి తేడాలున్నా మూల సూత్రం ఒకటే.

ఎల్ఓఎస్ అని ఉన్న చోట ఎర్రదీపం వెలుగుతున్నా, మిణుకుమంటున్నా గాజు తీగలో వెలుగు రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు, గోడ మూల దగ్గర మడత పడి ఉండవచ్చు. పెట్టెను ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా ఫలితం ఉండదు. కొత్త పెట్టె కొన్నా ఉండదు. ఆపరేటరుకు "ఎర్రదీపం వెలుగుతోంది" అని చెబితే ఆయన తీగ అతికే సామాను వెంట తెచ్చుకుంటాడు. రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

పీఓఎన్ అని ఉన్న దీపం పచ్చగా నిలకడగా వెలిగితే తీగ బాగానే ఉన్నట్టు. అది వెలుగుతూ, ఇంటర్నెట్ దీపం ఆరిపోయి ఉంటే లోపం కార్యాలయం వైపుదో, పెట్టెలోని అమరికదో అయి ఉంటుంది. నెల బిల్లు గడువు దాటిందేమో కూడా చూసుకోవాలి. ఇక్కడ ఒకసారి పెట్టెను ఆర్పి, ఒక నిమిషం ఆగి వెలిగించి చూడవచ్చు.

రెండు దీపాలూ బాగా ఉండి ఫోనులో మాత్రం నెట్టు రాకపోతే తప్పు ఇంట్లోనిదే. ఫోను పట్టుకుని పెట్టె పక్కన నిలబడి చూడాలి. అక్కడ వస్తే వైఫై దూరం సమస్య. అక్కడా రాకపోతే మరో ఫోనుతో చూడాలి. దానిలో వస్తే తప్పు మొదటి ఫోనుది.

ఇంత చేయడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఒక రోజంతా ఎదురుచూడడం తప్పుతుంది.

ఊడిన గాజు తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడడం మాత్రం ప్రమాదం. అందులో వచ్చే లేజరు వెలుగు కంటికి కనబడదు కానీ కంటికి హాని చేయగలదు. పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

వేగం లెక్క

వేగాన్ని బిట్లలో చెబుతారు, సినిమా సైజును బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లే. కంపెనీ మోసం చేసిందని కొందరు అనుకోవడానికి ఈ తేడాయే కారణం.

ఆ వేగమంతా ఇంటిల్లిపాదికీ ఉమ్మడి. ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద అన్ని చెరువుల ఏరియేటర్లూ ఒకేసారి తిరిగితే వోల్టేజి పడిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. మంచి స్పష్టతతో వీడియో చూడడానికి సుమారు 5 మెగాబిట్లు కావాలి. 15 మెగాబిట్ల కనెక్షనులో ముగ్గురు అలా చూస్తుంటే నాలుగో వారికి మిగిలేది శూన్యం. పరీక్షల కాలంలో పిల్లల పాఠం జరిగే గంటలో మిగిలినవారు వీడియోలు ఆపితే ఖరీదైన ప్లాను కొనే అవసరం రాదు.

ఉప్పుగాలి, పిడుగు, తుఫాను

లోతట్టు ఊళ్లకు లేని బాధ తీరానికి ఉంది. మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి చోట్ల ఉప్పుగాలి దేనినీ వదలదు. లాన్ తీగ కొసన ఉండే లోహపు పళ్లకు చిలుము పడుతుంది. అడాప్టరు పిన్ను తుప్పు పడుతుంది. పెట్టెను సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టాలి. పిన్నులను అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడవాలి. గాజు తీగ కొసను మాత్రం ముట్టుకోవద్దు. దాని మీద వేలిముద్ర పడినా వెలుగు తగ్గుతుంది.

గాజులో కరెంటు పారదు. అయినా పెట్టెకు పిడుగు భయం లేకపోలేదు. కరెంటు ప్లగ్గు గుండా వస్తుంది. స్తంభం నుంచి వచ్చే తీగకు బలం కోసం పక్కన ఇనుప తీగ ఉంటే దాని గుండానూ రావచ్చు. ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గు తీసివేయడం మేలు.

కరెంటు పోతే నెట్టు పోవాలని లేదు. వీధిలో తీగను చీల్చే చిన్న డబ్బాలకు కరెంటు అవసరం ఉండదు. ఆపరేటరు దగ్గర బ్యాటరీలు ఉండి, మీ పెట్టెకూ కరెంటు ఉంటే నెట్టు నడుస్తుంది. పెట్టెలలో చాలావాటికి 12 వోల్టులు చాలు. దానికి సరిపడే చిన్న యూపీఎస్‌లు అమ్ముతున్నారు. అవి కొన్ని గంటలు పనిచేస్తాయి. ఏరియేటరు ఆగకూడదని జనరేటరు పెట్టుకునే రైతుకు ఈ ముందుచూపు గురించి వేరే చెప్పాలా?

1989 నవంబరులో 'గే' తుఫాను కావలి సమీపంలో తీరం దాటింది. ఆనాడు చాలా ఇళ్లలో ఉన్నది రేడియో ఒక్కటే. ఈనాడు వాతావరణ శాఖ హెచ్చరిక, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సమాచారం ఇంటి వైఫైలోనే చూడవచ్చు. పడవ దించే ముందు చూడాలి. సముద్రం లోపలికి ఇంటి వైఫై రాదు. తుఫానుకు స్తంభాలు కూలితే గాజు తీగా కూలుతుంది. కాబట్టి రేడియోను అటక ఎక్కించవద్దు. పెట్టె వచ్చిందని పాత సాధనాన్ని పారేయడం తీరవాసులకు తగదు.

పక్కింటికి ఇవ్వవచ్చునా?

ఇంటికి వచ్చిన చుట్టానికి వైఫై పాస్‌వర్డు చెప్పడం మర్యాద. కానీ వీధిలో నాలుగిళ్లకు పాస్‌వర్డు చెప్పి నెలకు ఇంత అని వసూలు చేయడం చాలా కంపెనీల షరతులు ఒప్పుకోవు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. బయటి ప్రపంచానికి ఇంటికంతా ఒకే చిరునామా అని పైన చెప్పుకున్నాం. పక్కింటి కుర్రవాడు మీ వైఫై మీద ఎవరినైనా మోసగిస్తే పోలీసులు మొదట వచ్చేది కనెక్షను ఎవరి పేర ఉందో వారి ఇంటికే.

పాస్‌వర్డు 12345678 అనో, ఫోను నంబరో పెట్టుకోవద్దు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చాలి. పెట్టె లోపలి అమరికకు వేరే పాస్‌వర్డు ఉంటుంది, అదీ మార్చాలి. భద్రత రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. చుట్టాల కోసం గెస్ట్ పేరుతో విడిగా వైఫై పెట్టుకునే వీలు చాలా పెట్టెల్లో ఉంది. సైబర్ మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

నెట్టు పంచి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే టీ కొట్టువారికి, కిరాణా కొట్టువారికి చట్టబద్ధమైన దారి ఉంది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. ఒకప్పుడు పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు నడిచినట్టే కొట్టులో వైఫై పెట్టి చిన్న చిన్న మొత్తాలకు అమ్ముకోవచ్చు. కొట్టువారికి లైసెన్సు గానీ రుసుము గానీ లేదు. వాడినవారి వివరాలు, లెక్కలు చూసే బాధ్యత పథకంలో నమోదైన మధ్యవర్తి సంస్థది. ఇలాంటి కొట్టుకు 200 మెగాబిట్ల లోపు కనెక్షను ఇస్తే ఇళ్లకు తీసుకునే ధరకు రెండింతలు మించకూడదని ట్రాయ్ 2025 జూన్‌లో పరిమితి విధించింది. ఇంటింటికీ కనెక్షను పెట్టుకోలేని పల్లెపాలేలకు ఈ దారి ఉపయోగపడుతుంది.

చేయవలసింది

ఆపరేటర్లు ఒక చిన్న పని చేస్తే ఊరికి మేలు. పెట్టె బిగించిన రోజునే, ఏ దీపం వెలిగితే ఏమి అర్థమో తెలుగులో రాసిన చీటీ ఒకటి దాని పక్కన గోడకు అంటించాలి. తమ ఫోను నంబరూ దాని మీదే రాయాలి. ఉన్నత పాఠశాలల్లో సైన్సు మాస్టార్లు ఒక పీరియడులో ఈ సంగతులు చెబితే పిల్లలే ఇంటికి వెళ్లి పెద్దలకు చెబుతారు. తుఫాను రోజులకు ముందే పంచాయతీ కార్యాలయంలోని పెట్టెకు బ్యాటరీ పెట్టించడం సర్పంచులు మరవకూడదు.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. ఈ సాయంత్రమే మీ ఇంటి పెట్టె దగ్గర నిలబడి, అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏయే దీపాలు ఎలా వెలుగుతున్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆగిన రోజున ఆ కాగితంతో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.